పొయ్యి ఇచ్చిన చాలునా? కోనసీమ వంటయిండ్లు – ఇంధన సహాయ పథకములపై ఒక విమర్శ

జొన్నాడ వంతెన దాటి రావులపాలెము చేరినవారికి కోనసీమ ఒక పెద్ద తోటవలె కనుపించును. గౌతమికిని వసిష్ఠకును నడుమనున్న ఈ లంకభూమిలో, నడిమి పాయయైన వైనతేయకు ఇరుప్రక్కల, కొబ్బరిచెట్టు లేని పెరడు అరుదు. తెల్లవారుజామున ఆ తోటలపై తేలియుండు పలుచని నీలపు పొరను చూచి మంచు అనుకొందుము. అందు కొంత మంచే. కొంత మాత్రము పొగ. పెరటి పొయ్యిలనుండియు, తాటాకు పాకల చూరులనుండియు వెడలిన పొగ. ఆ పొయ్యిలో కాలునది కొబ్బరి డొక్క, మట్ట, ఎండు కమ్మ. ఆ యింటిలోనే ఒక మూలను, ప్రభుత్వ సహాయముతో వచ్చిన గ్యాసుబండ గోనెపట్టా కప్పుకొని ఉండుటయు కద్దు.

బండ ఉండగా పొగ యేల? ఈ ప్రశ్నకు సభలలో సాధారణముగా వినవచ్చు సమాధానము “అది పల్లెవారి అలవాటు” అని. ఆ సమాధానము సరియైనది కాదని మా అభిప్రాయము. పల్లె గృహిణి లెక్క ఎరుగనిది కాదు. ఆమె వేసికొన్న లెక్కను పథకము వేసినవారే పూర్తిగా చదువలేదు. హైస్కూలు విద్యార్థికి తెలిసిన ఉష్ణశాస్త్రముతోనే ఆ లెక్కను మనము చేసి చూడవచ్చును. ఈ వ్యాసమున చేయదలచినది అదియే.

సహాయము ఏయే రూపములలో వచ్చినది?

పేదయింటి ఇంధనభారమును తగ్గింపవలెనను ఆలోచన క్రొత్తది కాదు. 1950 ప్రాంతములందే హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టర్ ఎస్. పి. రాజు గారు పొగగొట్టము గల మట్టిపొయ్యి నొకదానిని రూపొందించి, దానిని కట్టు విధమును వివరించుచు 1953లో ఒక చిన్న పుస్తకమును వెలువరించిరి. వార్ధా యందలి మగన్‌వాడిలో అంతకు కొలది యేండ్లకు ముందే “మగన్ చుల్హా” పుట్టినది. తరువాత 1980–90 దశకములో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును చేపట్టి, దేశమంతట మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టించి, 2002లో దానిని ముగించినది. గోబరుగ్యాసు పథకము 1981–82లో ఆరంభమైనది.

1999 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము “దీపం” పథకమును ప్రారంభించినది. డ్వాక్రా సంఘములలోని స్త్రీల పేర గ్యాసు కనెక్షను లిచ్చి, వేయి రూపాయల డిపాజిటును ప్రభుత్వమే చెల్లించినది. పొయ్యి మొదలగు తక్కిన ఖర్చులు వారే పెట్టుకొనిరి. 2016 మే 1వ తేదీన ఉత్తరప్రదేశ్ లోని బలియాలో కేంద్ర ప్రభుత్వము “ఉజ్జ్వల” పథకమును ప్రారంభించి, కనెక్షనుకు 1,600 రూపాయల సహాయమును ప్రకటించినది. 2024 నవంబరు నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము “దీపం–2” పేర అర్హులైన కుటుంబములకు ఏడాదికి మూడు బండలను ఉచితముగా ఇచ్చుచున్నది.

వీనిని విమర్శించుటకు ముందు వీని మేలును ఒప్పుకొనుట న్యాయము. కనెక్షను స్త్రీ పేర ఇచ్చుట గొప్ప నిర్ణయము. డిపాజిటు అను మొదటి గడప దాటలేక ఆగినవారిని ఈ పథకములు చేయిపట్టి దాటించినవి. ఒకప్పుడు పట్టణములోని ఉద్యోగి యింటికే పరిమితమైన నీలిమంట ఈనాడు లంక గ్రామములోని కూలివాని పాకకును చేరినది. ఇది చిన్న విషయము కాదు. అయితే గడప దాటినవాడు ఇంటిలో నిలువవలెను కదా! లోపము అచ్చటనే కలదు.

కేలరీల లెక్క

ఒక గృహోపయోగపు బండలో 14.2 కిలోల ఎల్.పి.జి. ఉండును. ప్రొపేను, బ్యూటేను అను రెండు హైడ్రోకార్బనులను ఒత్తిడిచే ద్రవముగా మార్చి ఇందులో నింపుదురు. ఒక కిలో కాలిన సుమారు 11,000 కిలోకేలరీల వేడి పుట్టును. కావున బండ మొత్తములో గల వేడి 1,56,200 కిలోకేలరీలు. ఇందు గిన్నెకు చేరునది నూటికి 60 పాళ్ళు అనుకొన్నచో, ఉపయోగమునకు వచ్చు వేడి సుమారు 93,700 కిలోకేలరీలు.

ఎండిన కట్టె, కొబ్బరి డొక్క మొదలగు వానిలో కిలోకు సుమారు 3,600 కిలోకేలరీలు ఉండునని తీసికొనవచ్చును. మూడు రాళ్ళ పొయ్యిలోను, మామూలు మట్టిపొయ్యిలోను ఇందు గిన్నెకు చేరునది నూటికి 10 మొదలు 15 పాళ్ళు మాత్రమే. తక్కినది గోడలను, గాలిని, వండు మనిషిని వేడిచేయుటకే సరిపోవును. 10 పాళ్ళే అనుకొనిన, కిలో కట్టె ఇచ్చు ఉపయోగపు వేడి 360 కిలోకేలరీలు. అనగా ఒక బండ చేయు పనిని చేయుటకు సుమారు 260 కిలోల కట్టె కావలెను.

ఇప్పుడు ధరల మాట. బండ ధర 900 రూపాయలు అనుకొందము. 900ని 260చే భాగించిన మూడున్నర రూపాయలకు కొంచెము తక్కువగా వచ్చును. కిలో కట్టె ఈ ధరకు మించి కొనవలసి వచ్చిన యింటికి, మట్టిపొయ్యికంటె గ్యాసే చవుక. తూకము వేయించి కట్టెలు కొనుక్కొను పట్టణపు పేదవాడు గ్యాసుకు త్వరగా మారుటకు కారణ మిదియే.

కాని కోనసీమ కూలి కుటుంబము కట్టెను కొనదు. కాయలు వలిచిన చోట డొక్క దొరకును. చెట్టు తనంతట రాల్చిన మట్టయు, కమ్మయు కాలువ గట్టున దొరకును. సముద్రము వైపు సఖినేటిపల్లి, మలికిపురము ప్రాంతములలో సరుగుడు పుల్లయు దొరకును. అందుచే గ్యాసు పోటీ పడవలసినది కట్టె ధరతో కాదు, సున్న ధరతో. సున్నతో పోటీపడి ఏ ధర గెలువగలదు? “అలవాటు” అని మనము పేరు పెట్టినది నిజమునకు ఈ భాగహారమే.

ఈ సున్న అసలు సున్నయేనా యన్నచో, కాదు. 260 కిలోలను తలకు 20 కిలోల మోపుగా కట్టిన 13 మోపులగును. ఏరుట, మోయుట, ఎండబెట్టుట, వానకు తడియకుండ చూరు క్రింద దాచుట – ఇదియంతయు ఒక స్త్రీ కష్టము. ఆ కష్టమునకు కూలి ఎవరును కట్టరు గనుక లెక్కలో అది సున్నగా నిలిచిపోవుచున్నది. పథకములు ఈ కష్టమును లెక్కకు తేలేదు. అది మొదటి లోపము.

మూడు బండలు ఎన్ని దినములు?

నలుగురైదుగురు గల కుటుంబమునకు దినమునకు వంటకొరకు 2,000 కిలోకేలరీల ఉపయోగపు వేడి కావలెనని ఉదాహరణకు తీసికొందము. 93,700ను 2,000చే భాగించిన, ఒక బండ సుమారు 47 దినములు వచ్చును. అనగా పూర్తిగా గ్యాసుమీదనే వండుకొనుటకు ఏడాదికి ఎనిమిది బండలు కావలెను.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2019లో సమర్పించిన నివేదిక ప్రకారము, 2018 డిసెంబరు నాటికి కనెక్షను పొంది ఏడాది నిండిన ఉజ్జ్వల లబ్ధిదారులు సగటున ఏడాదికి 3.21 బండలు మాత్రమే తీసికొనిరి. మన లెక్క ప్రకారము ఇది అయిదు నెలల వంటకు సరిపోవును. తక్కిన ఏడు నెలలు పాత పొయ్యియే. “దీపం” మొదటి పథకమును ప్రపంచ బ్యాంకు పరిశీలించినపుడును ఇదే కనుపించినది. బండ నింపించు ఖర్చే పెద్ద ఆటంకమనియు, గ్యాసును టీ కాచుట వంటి చిన్నపనులకే ఎక్కువగా వాడుచుండిరనియు తేలినది. ఇరువది యేండ్ల క్రిందటనే తెలిసిన ఈ పాఠమును ఉజ్జ్వల మరల మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చినది. 2022లో ఉజ్జ్వల కుటుంబములకు బండకు 200 రూపాయల ప్రత్యేక సబ్సిడీ ఇచ్చుట మొదలిడి, 2023లో దానిని 300 రూపాయలకు పెంచిరి. దీపం–2 ఇంకొక అడుగు ముందుకు వేసి ఇంధనమునే ఇచ్చినది. ఇది మెచ్చదగిన మార్పు. అయినను మూడు బండలు 141 దినములకు సరిపోవును. ఏడాదిలో మిగిలిన 224 దినముల వంట ఏ పొయ్యిపై జరుగుననునది ప్రశ్నగానే నిలిచియున్నది.

ఇంకొక చిక్కు కలదు. ఈ పథకము మొదట అమలైన తీరులో, బండ సొమ్ము లబ్ధిదారు ముందుగా చెల్లించిన, తరువాత ఆ మొత్తము బ్యాంకు ఖాతాలో పడెడిది. నెలజీతగానికి ఇది పెద్ద విషయముగా తోచదు. దినకూలి వానికి ఒక్కసారిగా అంత సొమ్ము చేతిలో ఉండుటయే దుర్లభము. బియ్యము కిలోలలో కొనువాడు గ్యాసును 14.2 కిలోలకు తక్కువ కొనరాదన్న ఎట్లు? 5 కిలోల చిన్నబండ ఉన్నది. దానిని గ్రామపు కొట్టువరకు చేర్చు ఏర్పాటుకు పథకములు ఇచ్చిన ప్రాధాన్యము చాలదు.

పొగకు సగము మందు పనిచేయదు

“సగము వంట గ్యాసుమీద జరిగినను సగము మేలే కదా” అని ఎవరైన అనవచ్చును. ఖర్చు విషయమున అది నిజము. ఆరోగ్య విషయమున నిజము కాదు. ఏలనో చూతము.

కట్టె మండుట యనగా, వేడికి కట్టెనుండి వెడలిన వాయువులు గాలిలోని ఆక్సిజనుతో కలిసి కాలుట. అవి పూర్తిగా కాలుటకు తగినంత గాలి, తగినంత వేడి, కలియుటకు తగిన వ్యవధి కావలెను. మంటకు తగులుచు చల్లని గిన్నె యున్నది. డొక్క వానకాలమున తేమ పీల్చియున్నది. 100 పాళ్ళలో 30 పాళ్ళు తేమ యున్న కిలో డొక్కలోని 300 గ్రాముల నీటిని ఆవిరి చేయుటకు సుమారు 180 కిలోకేలరీలు ఖర్చగును. ఈ నష్టము పెద్దది కాదు. అసలు నష్టము, ఆ ఆవిరి మంటను చల్లార్చి వాయువులను సగము కాలినవిగా వదలుటలో ఉన్నది. ఆ సగము కాలినదే పొగ. అందులో కార్బను మోనాక్సైడును, 2.5 మైక్రానులకంటె చిన్నవైన కణములును ఉండును. ఈ కణములు ఊపిరితిత్తుల లోతట్టు అరలవరకు పోగలవు.

ఒక ఘనమీటరు గాలిలో ఇట్టి కణములు 24 గంటల సగటున 15 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. కట్టెపొయ్యి గల మూసిన వంటయింటిలో ఇవి వందలలో ఉండును. వంట జరుగునపుడు వేలకును చేరును. పొగ మోతాదునకును గుండె, ఊపిరితిత్తుల వ్యాధులకును గల సంబంధము సరళరేఖ కాదు. అది మొదట నిటారుగా లేచి, తరువాత చదునగు వక్రరేఖ. చదునైన భాగమున 600 నుండి 300కు దిగినను ముప్పు సగము కాదు, కొంచెమే తగ్గును. నిటారు భాగములోనికి దిగినగాని పూర్తి మేలు లభింపదు. పాత పొయ్యి రోజుకొక పూట వెలిగినను ఆ మేలు చేజారును.

మరి ఇంధనమునే పూర్తిగా ఇచ్చి చూచినవారు ఉన్నారా? ఉన్నారు. తమిళనాడు, గ్వాటిమాలా, పెరు, రువాండా ప్రాంతములలో 3,200 కుటుంబములతో “హాపిన్” అను పరిశోధన జరిగినది. అందు సగము కుటుంబములకు పొయ్యియు, 18 నెలలకు సరిపడు గ్యాసును ఉచితముగా ఇంటికి చేర్చిరి. ఆ యిండ్లలో పాత పొయ్యి దాదాపు ఆరిపోయినది. పొగ మోతాదు బాగుగా తగ్గినది. “అలవాటు” వాదమునకు ఇది చక్కని సమాధానము. అయితే విజ్ఞానశాస్త్రము మనకు ఇష్టమైనదానిని మాత్రమే చెప్పదు. పుట్టిన శిశువుల బరువులోను, పసిబిడ్డల న్యుమోనియాలోను ఆశించినంత మార్పు ఆ పరిశోధనలో కనుపించలేదు. ఒక యింటి పొయ్యి ఆరినను ప్రక్క యిండ్ల పొగ, చెత్త కాల్చిన పొగ గాలిలో నుండును. కావున పొగ ఒక యింటి సమస్య కాదు, పేట మొత్తపు సమస్య. లబ్ధిదారులను ఒక్కొక్కరిగా ఏరుకొను పథకములు ఈ సంగతిని గుర్తింపలేదు. ఇది రెండవ లోపము.

కట్టిన పొయ్యిని కనిపెట్టి యుండునది ఎవరు?

పొగగొట్టపు పొయ్యిల చరిత్రలో మూడవ లోపము కనుపించును. ఒడిశాలో మెరుగైన పొయ్యిలను పంచి, పలు సంవత్సరములు వెంబడించి చూచిన పరిశోధన యొకటి గలదు. తరువాత 2019లో నోబెల్ బహుమతి పొందిన ఎస్తేర్ డుఫ్లో అందు పాల్గొనిరి. మొదటి సంవత్సరము పొగ పీల్చుట తగ్గినది. తరువాత ఆ మేలు మాసిపోయినది. పొయ్యిలు పగిలినవి, గొట్టములు మసితో మూసికొనిపోయినవి, బాగుచేయువారు లేరు, వాడుకయు తగ్గినది. పరిశోధనశాలలో నూటికి 25 పాళ్ళ సామర్థ్యము చూపిన పొయ్యి, పగిలిన తరువాత వట్టి మట్టిముద్ద.

కట్టించిన సంఖ్యనుబట్టి సొమ్ము చెల్లించిన, కట్టించుటే జరుగును. రెండవయేట ఎన్ని వెలుగుచున్నవో చూచి కొంత సొమ్ము చెల్లించిన, వెలిగించుటయు జరుగును. గ్రామములో ఒక తాపీమేస్త్రికి గాని, సంఘములోని ఒక స్త్రీకి గాని నెలనెల కొంత ప్రతిఫలమిచ్చి ఈ పని అప్పగించుట కష్టము కాదు. కాని పథకముల పద్దులలో “నిర్మాణము” అను పద్దు నిండుగా నుండును. “మరమ్మతు” అను పద్దు వెదకినను దొరకదు.

గోబరుగ్యాసు విషయము వేరు. రెండు ఘనమీటర్ల గుంటకు దినమునకు సుమారు 50 కిలోల పేడ, అనగా నాలుగైదు పశువులు కావలెను. పశువులున్న రైతుకు అది వరమే. పశువు లేని కూలికి, ఆ సబ్సిడీ తన ముందునుండి ఊరేగింపుగా పోవు పల్లకి.

కాలి క్రింది వాయువు

కోనసీమవారికి ఇంధనమును గూర్చి వేరొక జ్ఞాపకము గలదు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓ.ఎన్.జి.సి. త్రవ్వుచున్న బావి పేలి, ఆ మంట 65 దినములు ఆరలేదు. రాత్రులు ఆ వెలుగు చాల దూరము కనుపించెడిది. 2014 జూన్ 27న నగరము గ్రామములో గ్యాసుగొట్టము పగిలి మంటలు లేచి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ గొట్టము తాటిపాకనుండి కొండపల్లిలోని విద్యుత్కేంద్రమునకు వాయువును తీసికొనిపోవునది.

భూమిలోని ఈ వాయువు ముఖ్యముగా మీథేను. బండలోనిది ప్రొపేను, బ్యూటేను. రెండును ఒకటి కావు. దేశము వాడు ఎల్.పి.జి.లో సగమునకు మించి దిగుమతి యగుచున్నది. కనుక మామిడికుదురు మండలపు గృహిణి, తన కాలి క్రింది వాయువు ఎచ్చటికో పోవుచుండగా, సముద్రము దాటి వచ్చిన వాయువును ఇంట వెలిగించుచున్నది. ఇందు ఎవరి మోసమును లేదు. వాయువును శుద్ధిచేసి, గొట్టములు వేసి ఇంటింటికి చేర్చుట ఖర్చుతో కూడిన పని. కాని ప్రమాదము భరించిన ఊరికి ఇంధనములో మొదటి వాటా రావలెననుట న్యాయమైన కోరిక.

గొట్టపు గ్యాసునకు ఒక గుణము గలదు. మీటరు చూచి, వాడిన తరువాత, వాడినంతకే చెల్లింపవచ్చును. ఒక్కసారిగా 900 రూపాయలు చూపనక్కరలేదు. కాని తోటలలో దూరదూరముగా నున్న యిండ్లకు, తాటాకు పాకలకు, పట్టా లేని స్థలములకు గొట్టము చివరను చేరును, లేదా చేరనే చేరదు. సహాయధనము అవసరమైనది సరిగా ఆ చివరి నూరు గజములకే.

దీపము చెప్పు పాఠము

ఇక విద్యుత్తు మాట. 2015 జనవరిలో ప్రారంభమైన “ఉజాలా” పథకమున ఎల్.ఇ.డి. బల్బులను చవుకగా పంచిరి. 60 వాట్ల పాత బల్బు దినమునకు 5 గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లు ఖర్చు. అంత వెలుగు కాకున్నను ఇంటికి చాలిన వెలుగునిచ్చు 7 వాట్ల ఎల్.ఇ.డి.కి ఒక్క యూనిటు చాలును. రెండు బల్బులు మార్చిన ఇంటికి నెలకు 16 యూనిట్లు, ఏడాదికి 192 యూనిట్లు మిగులు. ఇది ఎవరును ప్రచారము చేయకయే నిలిచినది.

ఎందువలన? ఇక్కడనే మన విమర్శకు కీలకము గలదు. దానములు రెండు విధములు. ఇచ్చిన నాటినుండి నెలనెల ఖర్చును తగ్గించునది ఒకటి; ఇచ్చిన నాటినుండి నెలనెల ఖర్చును కోరునది రెండవది. ఎల్.ఇ.డి. బల్బు, 75 వాట్లకు మారుగా 30 వాట్లతో తిరుగు ఫ్యాను మొదటి తెగవి. వానికి ఒక్కసారి ఇచ్చు సహాయము చాలును. గ్యాసు కనెక్షను రెండవ తెగది. దానికి ఒక్కసారి సహాయము చేసి ఊరకుండుట, గుఱ్ఱమును దానమిచ్చి గుగ్గిళ్ళు నీవే పెట్టుకొమ్మన్నట్లగును. రెండు తెగలకును ఒకే రీతి సహాయమును రూపొందించుట మన పథకముల మూలదోషము.

శాఖలు ఒకరి పనిని ఒకరు చూడకుండుటయు మరియొక దోషము. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము షెడ్యూల్డు కులముల, తెగల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తును నిర్ణయించినది. ఒక యూనిటు 860 కిలోకేలరీలకు సమానము. దినమునకు 2,000 కిలోకేలరీల వంటకు, నూటికి 80 పాళ్ళ సామర్థ్యము గల ఇండక్షను పొయ్యిపై సుమారు 2.9 యూనిట్లు, నెలకు 87 యూనిట్లు చాలును. అనగా ఇట్టి యింటిలో పొగలేని వంట ఆ 200 యూనిట్లలోనే ఇముడవచ్చును! అయితే ఆ పొయ్యికి 1,500 వాట్లకు పైగా కావలెను. పాకలోని సన్నని తీగ అంత భారమును మోయలేదు. అడుగు చదునైన ఇనుప జాతి గిన్నెలును కావలెను. తీగ మార్చుటకు, రెండు గిన్నెలకు ఇచ్చు చిన్న సహాయము ఇక్కడ పెద్ద ఫలము నీయగలదు. కాని తీగ ఒక శాఖది, పొయ్యి ఇంకొక శాఖది.

2024 ఫిబ్రవరిలో ఆరంభమైన సూర్యఘర్ పథకమును గూర్చి ఒక్క మాట. ఇంటికప్పుపై మూడు కిలోవాట్ల ఫలకములకు 78,000 రూపాయల వరకు సహాయము గలదు. కోనసీమలో కప్పుపై కొబ్బరిచెట్టు నీడ ఉండును. ఫలకములోని ఘటములు వరుసగా కలుపబడి యుండుటచే, ఒక భాగముపై నీడ పడినను ఆ వరుస మొత్తపు విద్యుత్తు తగ్గును. పెంకుటిల్లు, తాటాకు పాక ఫలకములను మోయలేవు. చెట్టు కొట్టుమనుట కంటె, నీడ లేని పాఠశాల కప్పుపై పేట అందరి వాటాగా ఫలకములను అమర్చుట మేలు.

బయటి దేశముల అనుభవము

సంపన్న దేశములలోను ఈ సమస్య గలదు. ఇంగ్లండులో బ్రెండా బోర్డ్‌మన్ అను విదుషి 1991లో ఇంటిని తగినంత వెచ్చగా ఉంచుకొనుటకు ఆదాయములో నూటికి 10 పాళ్ళకు మించి ఖర్చు చేయవలసిన కుటుంబమును “ఇంధన దరిద్రము” గలదిగా నిర్వచించిరి. అమెరికాలో 1976లో ఆరంభమైన కార్యక్రమము ప్రకారము, పేదయింటికి పనివాడు వచ్చి, గాలి కారు సందులను పరికరములతో కొలిచి, ఏది ముందు బాగుచేసిన ఎక్కువ మిగులునో లెక్కించి ఆ పని చేయును. ఇచ్చుటకు ముందు కొలుచుట, ఇచ్చిన తరువాత మరల కొలుచుట – మనము నేర్వదగినది ఇదియే. బోర్డ్‌మన్ సూత్రమును మాత్రము యథాతథముగా తెచ్చుకొనరాదు. డొక్కతో వండుకొను యిల్లు ఇంధనమునకు పైసా ఖర్చు పెట్టదు. ఆ సూత్రము ప్రకారము ఆ యింట ఇంధన దరిద్రమే లేదని తేలును!

పాఠశాల చేయగల పని

కొలుచుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. ఒక త్రాసు, ఒక థర్మామీటరు, ఒక గిన్నె చాలును. రెండు లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 140 కిలోకేలరీలు కావలెను. అందుకు 400 గ్రాముల ఎండు డొక్క కాలినదనుకొనుడు. అందలి వేడి 1,440 కిలోకేలరీలు. 140ని 1,440చే భాగించిన ఆ పొయ్యి సామర్థ్యము నూటికి ఇంచుమించు 10 పాళ్ళు. ఎండిన డొక్కతో ఒకమారు, తడిసిన డొక్కతో ఒకమారు, మూత పెట్టి ఒకమారు, పెట్టక ఒకమారు చేసి పట్టిక వ్రాయవచ్చును. ఉపాధ్యాయులు దగ్గర నుండి, ఆరుబయట ఈ ప్రయోగమును చేయించవలెను.

ఇంకొక పట్టిక, తరగతిలోని పిల్లల యిండ్లది. పేర్లు వ్రాయనక్కరలేదు. గడచిన ఏడాది ఎన్ని బండలు వచ్చినవి, కట్టె ఎవరు తెచ్చిరి, ఎంతసేపు పట్టినది – ఈ మూడు ప్రశ్నలు చాలును. మూడవ ప్రశ్నకు సమాధానమును తల్లినే అడుగుడు. చాల యిండ్లలో ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరును అడిగి యుండరు.

సహాయధనము ఇచ్చువారికి మా మనవి ఇంతే. ఎన్ని కనెక్షను లిచ్చితిమి అను లెక్కతో ఆగక, ఎన్ని పాత పొయ్యిలు ఆరినవి అను లెక్కను కూడ ప్రకటింపుడు. ఇంధనమును చిన్న మొత్తములలో, ముందు సొమ్ము అడుగక ఇండు. మరమ్మతుకు పద్దు ఉంచుడు. ఇంటిని గాక పేటను ఏకముగా ఎంచుకొనుడు. మొదటి లెక్క కార్యాలయములో తేలును. రెండవది తేలుటకు తెల్లవారుజామున లేచి, తోటలపై నున్నది మంచో పొగయో దగ్గరకు పోయి చూడవలెను.